డొల్ల చప్పుడు

జగిత్యాల ప్రేమ్‌కుమార్ మీద గంగారాంకు కోపం, వాడు గుట్టకు బొక్కలు కొట్టినందుకు కాదు. కొట్టేముందు ఒక్కసారన్న రాయిని తట్టి చూడనందుకు.

"గా డ్రిల్లు ఆపు," అన్నడు గంగారాం గుట్ట మొదట్ల నిలవడి. "గా పొర డొల్ల."

తాడుకు వేలాడుకుంట బోల్టు బిగిస్తున్న ప్రేమ్‌కుమార్ కిందికి చూసిండు. నోట్లె గుట్కా. కథలాపూర్ దగ్గర గీ గుట్టకు 'రాక్ క్లైంబింగ్ స్కూల్' అని ఫ్లెక్సీ కట్టి నెల రోజులైంది. ఆ నెల రోజులల్ల గుట్ట మొఖం నిండ తెల్లపొడి చేతుల అచ్చులు, సందుల్ల తాగి పారేసిన నీళ్ల సీసాలు, వెనకదిక్కు పోతే ఉచ్చ కంపు. 

"కాకా, ఇది గ్రానైటు," అన్నడు ప్రేమ్‌కుమార్. "రెండువందల యాభై కోట్ల ఏండ్ల రాయి. ఒక్కొక్క బోల్టు ఇరవై క్వింటాళ్లు మోస్తది."

"బోల్టు మోస్తది. గా రాయిని ఎవడు మోస్తడు?"

కోరుట్ల నుంచి నేర్చుకుందామని వచ్చిన నలుగురు పక్కున నవ్విండ్రు.

గంగారాం నడుముకున్న గీత కత్తి తీసిండు. దాని వెన్నుతోని రాయిని కొట్టిండు. ఖంగుమన్నది. నాలుగడుగులు ఎడమకు జరిగి, బోల్టుల కింద కొట్టిండు. బొద్దుమన్నది.

"ఇన్నవా? ముప్పై ఏండ్ల సంది కల్లు గీస్తున్న. కల్లు పట్టే మట్టి లొట్టిని తట్టి చూడకుంట ఒక్కనాడు చెట్టుకు కట్టలె. ఇది పగిలిన లొట్టి చప్పుడు."

"నీకు అన్నిట్ల లొట్టే ఇనవడుతది కాకా."

మళ్ల నవ్వుడు.

"వాన వడి వారమాయె. మరి గా అంచు నుంచి నీళ్లు ఇంక కారుతున్నయెందుకు? లోపల సందుంది. ఎండకు ఉబ్బి, వానకు నాని, రాయి ఉల్లిగడ్డ లెక్క పొర ఇడిసింది. పక్కన ఒక్క రాయి ఇరికి గా పొరను ఆపుతున్నది. నువ్వేమో గదే పొరకు మూడు బొక్కలు కొట్టినవు."

"దాన్ని ఎక్స్‌ఫోలియేషన్ అంటరు. నేను డిగ్రీల సదివిన. నువ్వెంత సదివినవు?"

"ఐదు."

"మరి?" అనుకుంట ప్రేమ్‌కుమార్ రాయి మీదనే ఊంచిండు. ఎర్రగ కిందిదాక కారింది.

థూ, అనుకున్నడు గంగారాం. వీనికి రాయి పేరు తెలుసు గని రాయి తెల్వది.

ముందుగాల ఎక్కి చూపెట్టేది సౌమ్య, ప్రేమ్‌కుమార్ రోజు కూలికి పెట్టుకున్న పిల్ల. సిరిసిల్లల సాంచెల మీద బట్ట నేసేటోళ్ల బిడ్డ, ఇరవై ఏండ్లుంటయో లేవో. నడుముకు తాడు ముడేసుకుంటున్నది.

"ఎక్కకు బిడ్డా."

"సార్ చూసిండు గద మామా."

"చూసిండు. తట్టి చూసిండా?"

ఆ పిల్ల చెయ్యి ముడి మీదనే ఆగింది. ప్రేమ్‌కుమార్ జర్రున తాడు మీద కిందికి దిగిండు. "సౌమ్యా, భయమైతే చెప్పు. రేపటి సంది ఇంకొకలను పిలుస్త," అని, గంగారాం దిక్కు తిరిగిండు. "నీ బాధేంది కాకా? రోజుకు రెండువందలు కావాల్నా? గట్ల అడుగు. ఎక్కేది మేము, పడితే పడేది మేము. నడుమ నీకేం పోతది?"

గంగారాం తాటిచెట్టుకు ఆనిచ్చిన గడ్డపార అందుకున్నడు. గుట్ట కింద పసుపు చేన్ల కలుపు తీస్తున్న లక్ష్మవ్వను కేకేసిండు.

"లక్ష్మవ్వా, బర్రెను ఇప్పుకోని రోడ్డెక్కు."

లక్ష్మవ్వ లేచి నిలవడ్డది. గుట్టను చూసింది. ఆయన చేతిల గడ్డపారను చూసింది.

"మరి పసుపో?"

"నువ్వైతే రోడ్డెక్కు."

ఆమె కలుపు ఆడనే ఇడిసి బర్రె దిక్కు నడిసింది.

"పావుగంట ఆగుండ్రి," అన్నడు గంగారాం. "అందరు గా కుడిదిక్కు దూరం జరుగుండ్రి."

"జరుగుండ్రి, జరుగుండ్రి. కాక గుట్టను పెకిలిస్తడట," అని ప్రేమ్‌కుమార్ ఫోన్ బయటికి తీసిండు. "వీడియోకు మంచిగుంటది."

గంగారాం వెనకదిక్కు నుంచి గుట్టెక్కిండు. చెట్టెక్కే మోకును నడుముకు చుట్టి, రెండో కొస సీతాఫలం మొద్దుకు కట్టుకున్నడు. పొర పక్కకు దిగి, ఇరికిన రాయి కింద గడ్డపార పెట్టిండు. మొదటిపాలి ఏం కాలె. రెండోపాలి పిడికెడు ఇసుక రాలింది.

"పొద్దుగూకుతది కాకా," అని కింద నుంచి అరిసిండు ప్రేమ్‌కుమార్.

మూడోపాలి గా రాయి ఊగే పన్ను లెక్క కదిలింది. గంగారాం ఎనుకకు దుంకిండు.

ఇంటి కప్పంత పొర ముందు మూరెడు జారింది, చప్పుడు లేకుంట. ఎన్క గుట్ట గుట్టంత అదిరింది. బోల్టులతోని, ప్రేమ్‌కుమార్ దిగిన తాడుతోని సహా పోయి, మొదట్ల పడి ముక్కలై, ఆ ముక్కలు దొర్లుకుంట పసుపు చేన్ల పడ్డయి. బోరు పైపు ఇరిగింది. దుమ్ము తప్ప ఏం కనవడలె. రోడ్డు మీద బర్రె ఒర్రింది.

దుమ్ము తేరేసరికి సౌమ్య నేల మీద కూసోని ఉన్నది. నడుముకున్న తాడు ముడి ఇప్పుకుంటున్నది.

గంగారాం కిందికి దిగి వచ్చేసరికి, ప్రేమ్‌కుమార్ కొత్తగ బయటపడ్డ రాయిని అరచేతితోని రుద్ది చూస్తున్నడు.

"అబ్బ, లోపల ఎంత గట్టి రాయున్నది. పలుకులు సూదుల్లెక్కున్నయి. బూటు మస్తు పట్టుకుంటది," అన్నడు. ఆ పిల్ల దిక్కు తిరిగన్న చూడలె. "నీ పుణ్యాన మాకు ఫ్రీగ సాఫయింది కాకా."

జేబుల నుంచి రెండువందల నోటు తీసిండు. "ఇగో, ఉంచుకో. మా తాడు, బోల్టులు పోయినయి గని, నీదైతే ఏం పోలె గద."

గంగారాం నోటు ముట్టలె. రోడ్డు దాక నడిచి, తన పెండ్లాం లక్ష్మవ్వ చేతిల నుంచి బర్రె తాడు తీసుకున్నడు.

"పోయింది," అన్నడు ప్రేమ్‌కుమార్ దిక్కు తిరిగి. "మా ఇద్దరికున్నది గా పసుపు చేనొక్కటే. పదకొండు గుంటలు."