మెత్తటి సీటు

"ఆ బండి దిగు బాబూ. అది నీ నడుముకి పనికిరాదు."

ఫణికి ఒళ్ళు మండింది.

చాండ్లర్‌లో మోటార్‌సైకిళ్ళ షోరూమ్. బయట నూట పదమూడు ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండ. ఎర్ర టూరింగ్ బండి ఎక్కి పట్టుమని పది నిమిషాలు కాలేదు, వెనక నుంచి తెలుగులో ఈ మాట.

తిరిగి చూశాడు. డెబ్బై దాటిన పెద్దాయన. హవాయి చెప్పులు, నలిగిన చొక్కా, ప్యాంటు మీద అక్కడక్కడా దారప్పోగులు. పిల్లల దగ్గరికి ఆర్నెల్లకి వచ్చి, ఇంట్లో పొద్దుపోక షోరూముల మీద పడ్డాడని ఫణి అప్పటికప్పుడే తీర్మానించేశాడు.

"నా నడుం సంగతి మీకెలా తెలుసు?"

"ఎడమ పక్కకి ఒరిగి కూర్చున్నావు. కుడి కాలు లాగుతోందా?"

లాగుతోంది. అందుకే ఇంకా మండింది.

కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో పన్నెండేసి గంటల షిఫ్టులు చేసి చేసి ఫణికి డిస్కు జారింది. ఇంకొక్కసారి పట్టేస్తే ఆపరేషనే, ఆ తర్వాత బండి మాట మర్చిపోవాల్సిందేనని డాక్టర్ చెప్పేశాడు. ఆలోగా భార్య నీహారికని వెనక కూర్చోబెట్టుకుని ఓరెగాన్ సముద్రం దాకా వెళ్ళిరావాలి. పెళ్ళైన కొత్తలో ఇచ్చిన మాట. ఎనిమిదేళ్ళకి ఇప్పుడు, వచ్చే సెప్టెంబర్‌కి పదిరోజులు సెలవు దొరికింది. ఆరు నెలలు రివ్యూలన్నీ చదివి, ఎక్సెల్ షీట్ వేసి మరీ ఎంచుకున్న బండి ఇది.

పెద్దాయన సీటుని బొటనవేలితో నొక్కాడు. ఆ వేలి గోరు నిలువునా చీలి ఉంది.

"మెత్తగా ఉందని మురిసిపోకు. గంటలో ఈ స్పాంజి అణిగిపోద్ది. కాళ్ళు ముందుకి చాపి కూర్చుంటే బరువంతా నడుం మీదే పడుద్ది. అదుగో, ఆ బూడిదరంగు బండి ఎక్కు. కాస్త గట్టిగా ఉంటది. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చో. అప్పుడు చెప్పు."

"ఒకసారి కూర్చుని చూడు ఫణీ. పోయేదేముంది?" అంది నీహారిక.

"నువ్వూ మొదలెట్టావా?"

"నీ మంచికే చెబుతున్నా బాబూ..."

"అంకుల్, ఇంక ఆపండి! ఇంట్లో సలహాలు, ఆఫీస్‌లో సలహాలు, హాస్పిటల్‌లో సలహాలు. ఆఖరికి బండి కొనుక్కుందామన్నా వదలరా? సూట్‌కేసుల్లో పచ్చళ్ళతో పాటు ఇవి కూడా సర్దుకుని వస్తారా?"

షోరూమ్‌లో నలుగురూ తిరిగి చూశారు. నీహారిక తలదించుకుంది.

సేల్స్‌మాన్ పరుగున వచ్చి పెద్దాయన చేతికి మంచినీళ్ళ బాటిల్ ఇచ్చాడు. ఆయన్ని బయటికి పంపాల్సింది పోయి మర్యాదలు చేస్తున్నాడేమిటని ఫణి మరింత మండిపడ్డాడు.

పెద్దాయన జేబులోంచి కాగితం తీసి, ఏదో రాసి, ట్యాంకు మీద పెట్టాడు.

"కోపం తగ్గాక రా. ఏ బండి కొన్నా పర్లేదు, తీసుకుని రా. నేను చూస్తా."

ఫణి ఆ చిట్టీని చదవనైనా చదవలేదు. నలిపి, ఆయన చూస్తుండగానే చెత్తబుట్టలో పడేశాడు.

ఎర్ర బండే కొన్నాడు. నచ్చి కొన్నాడో, పెద్దాయన మీద కసితో కొన్నాడో తర్వాత తనకే తెలియలేదు.

జూలైలో అలవాటు కోసమని ఇద్దరూ రెండున్నర గంటల దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్‌కి బయల్దేరారు. మొదటి గంట ఉయ్యాల ఊగినట్టే ఉంది. దారిలో క్యాంప్ వెర్డీ పెట్రోల్ బంకు దగ్గర బండి ఆపాడు గానీ, దిగలేకపోయాడు. కుడి కాలు అతని మాట వినలేదు. అంబులెన్స్ వచ్చింది.

ఆగస్టులో ఆపరేషన్ అయింది. బండి మాట మర్చిపోమన్నాడు డాక్టర్.

ఫణి డాక్టర్‌ని తిట్టాడు, బండిని తిట్టాడు, రివ్యూలు రాసినవాళ్ళందర్నీ తిట్టాడు. "ఆ పెద్దాయన అప్పుడే చెప్పాడు" అని నీహారిక ఒక్కసారీ అనలేదు. అనకపోయినందుకు ఆమె మీదా కోపమే వచ్చింది.

అక్టోబర్‌లో ఆ బండి కొనడానికి టూసాన్ నుంచి రవికాంత్ అనే ఆయన వచ్చాడు. బేరం కుదిరాక, గరాజ్‌లోనే బండి సీటు విప్పేసి, తన ట్రక్‌లోంచి ఇంకో సీటు తెచ్చి బిగించుకున్నాడు.

"ఇదెక్కడిది?" అడిగాడు ఫణి.

"నా పాత బండిది. యాక్సిడెంట్‌లో బండి పోయింది గానీ ఈ సీటు మాత్రం పారెయ్యలేదండీ. దీనికోసమే మళ్ళీ ఇదే మోడల్ వెతుక్కుంటున్నా. దీనిమీద అలాస్కా వెళ్ళొచ్చాను, నడుం నొప్పంటే తెలీదు."

"ఎవరు చేశారు?"

"పక్కనే మీసా ఊళ్ళో ఉమామహేశ్వరరావు గారని ఉండేవారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టి, ముప్పై ఏళ్ళ కిందట ఇక్కడికొచ్చారు. మనిషి కూర్చున్న తీరు చూసే కొలత చెప్పేస్తారు. న్యూయార్క్ నుంచి కూడా బళ్ళేసుకుని వచ్చేవాళ్ళు. ఏడాదిన్నర వెయిటింగ్!"

నీహారిక మెల్లగా అడిగింది. "ఆయన బొటనవేలి గోరు..."

"చీలి ఉంటుంది. సూది దిగిందట. మీకు తెలుసా?"

విప్పి పక్కన పెట్టిన మెత్తటి సీటుని ఫణి బొటనవేలితో నొక్కి చూశాడు.

"అడ్రస్ ఇస్తారా? ఒకసారి వెళ్ళి కలవాలి," అన్నాడు ఫణి. చాలా నెలల తర్వాత అతని గొంతులో కోపం లేదు.

"ఇంకెక్కడ? చూపు ఆనడం లేదని పోయిన నెలే మిషన్ అమ్మేసి ఇండియా వెళ్ళిపోయారు."

రవికాంత్ ఆఖరి నట్టు బిగిస్తూ అన్నాడు. "ఎడమ పక్కకి ఒరిగి కూర్చునే ఓ కోపిష్టి కుర్రాడు వస్తాడు, వాడికి కుట్టి మానేస్తానంటూ, ఎవరొచ్చినా ఆర్డర్ తీసుకోకుండా, ఆఖరి సీటుకి ఫోమ్ కోసి పెట్టుకుని మూణ్ణెల్లు ఎదురుచూశారండీ పాపం."