పేరు రాయని రేకు

నల్లా కింద మూడో బిందె నిండుతోంది.

ఉమ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. 2004 ఎండాకాలం అది. నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి. వచ్చినా గంటసేపే, సన్నటి ధార.

గేటు చప్పుడైంది.

తల ఎత్తకుండానే ఉమకు తెలుసు. శివరాత్రి నుంచి, నల్లా రాని నాడు కూడా, రోజూ ఈ వేళకే వచ్చే ముసలామె. చేతిలో సొట్టలు పడ్డ సిల్వర్ బిందె. ఉమ ఎన్నడూ పేరు అడగలేదు. ఆమె చెప్పలేదు.

బిందెడు నీళ్లు పొయ్యి బిడ్డా అంటుంది, అంతే. తాను ముంచుకోదు. బిందె కింద పెట్టి, ఉమ చెంబుతో పోసేదాకా నిలబడుతుంది. ఒక్క గుక్క తాగదు. నిండాక చంకనెత్తుకుని వీధి మలుపు తిరుగుతుంది.

ఆ మలుపు వైపు ఉమ పోదు. అటు దవాఖాన ఉంది.

పోయిన ఆషాఢంలో అక్కడే ఉమకు కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. ఉమకు తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది. ముఖం కూడా చూడలేదు.

భర్త ప్రేమ్ కుమార్ వనపర్తి మొక్కల సంఘంలో సభ్యుడు. ఆదివారాలు సంఘం వాళ్లంతా పలుగూ పారా పట్టుకుని పోయి గుంతలు తీస్తారు, కంప కొడతారు, ట్యాంకరు పిలిపించి నీళ్లు పోస్తారు. ఆ వానాకాలం దవాఖాన గోడ వెంట పన్నెండు కానుగ మొక్కలు పెట్టారు. చనిపోయిన ఒక్కొక్కరి జ్ఞాపకానికి ఒక్కో మొక్క. చుట్టూ ఇనుప జాలీ, జాలీకి చిన్న రేకు, రేకు మీద తెల్లరంగుతో పేరు.

పదకొండు రేకుల మీద పేర్లున్నాయి. పన్నెండోది ఉమ బిడ్డది. ఏం రాయించాలని భర్త అడిగితే ఆమె లేచి లోపలికి పోయింది. రేకు అట్లాగే ఉండిపోయింది.

మొక్క ఎండిపోతే జాలీ తీసి ఇంకొకరి మొక్కకు పెడతారు. అది సంఘం నియమం. ఈ ఎండలకు ట్యాంకరు నెలకోసారి కూడా దొరకడం లేదు. అయినా బిడ్డ మొక్క నడుమెత్తు వచ్చిందని ప్రేమ్ కుమార్ ప్రతి ఆదివారం చెప్పేవాడు. ఒకసారి వచ్చి చూడరాదా అనేవాడు.

ఉమ గిన్నెలు తోముతూ వినేది. వానలు పడేదాకా ఆ ఒక్కటి బతికితే చాలనుకునేది. చూడాలని మాత్రం అనిపించేది కాదు.

ఆ రోజు ముసలామె బిందె దింపి కొత్త మాట అన్నది.

"ఇయ్యాల నువ్వు గూడ రారాదు బిడ్డా. జర దూరమే. బిందె నేనే మోస్త."

"నేనెందుకు?"

"ఊకెనే. ఒక్కపాలి."

నీళ్లు పోసింది చాలక తోడు కూడా పోవాలా అని ఉమకు విసుగొచ్చింది.

"మాకే సాల్తలేవు. దవాఖానల బోరుంది గద, ఆడ పట్టుకో. రేపటి సంది రాకు."

"రేపు రాను బిడ్డా. ఇయ్యాల ఒక్క దినం పొయ్యి."

ఉమ నల్లా కింది బిందె తీసుకుని లోపలికి పోయి తలుపు వేసింది. కాసేపటికి కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు.

మరునాడు ముసలామె రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఒకరోజు అదే వేళకు ఉమ చెంబు పట్టుకుని గేటు దాకా వెళ్లింది. ఎందుకు వచ్చిందో తోచక వెనక్కి తిరిగింది.

రెండు వారాల తర్వాత భీమన్న సారు ఇంటికి వచ్చారు. రిటైరైన టీచరు, సంఘానికి పెద్ద. ప్రేమ్ కుమార్ వాకిట్లో కుర్చీ వేశాడు. ఉమ నల్లా దగ్గర నుంచి లేవలేదు.

సారు కాసేపు ఎండల గురించి మాట్లాడారు. తర్వాత మెల్లగా విషయానికి వచ్చారు. బిడ్డ మొక్క ఆకులన్నీ రాల్చింది. గోటితో గీకి చూస్తే పైనంతా ఎండిపోయింది, మొదట్లో జానెడు మాత్రం పచ్చగా ఉంది. కొల్లాపూర్ వాళ్లెవరో తండ్రి పేరున మొక్క పెట్టమని అడుగుతున్నారు. మీరు సరే అంటే జాలీ తీయిస్తానన్నారు.

ప్రేమ్ కుమార్ ఉమ వైపు చూశాడు. ఉమ బిందె వైపు చూసింది.

"మొన్నటి దాంక మంచిగనే ఉండె గద సార్" అన్నాడు.

"ఈదమ్మ ఉన్నన్ని దినాలు ఉండె. రోజూ ఆమెనే పోసేదట. వాచ్‌మన్ చెప్పిండు."

"ఏ ఈదమ్మ?"

"దవాఖానల ఆయా. ఆ దినం బిడ్డను కడిగి, బట్టల సుట్టి నీ చేతికిచ్చింది ఆమెనే గద. పని బందైందట, కొడుకుతోని పూనా పోయింది."

ప్రేమ్ కుమార్‌కు గుర్తొచ్చింది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఈ గేటు దాకా వచ్చింది కూడా ఆమెనే అన్నాడు. కానీ చదువు రాదు, పన్నెండింట్లో బిడ్డ మొక్క ఏదో ఆమెకెట్ల తెలిసిందన్నాడు.

"రాత లేని రేకు ఒక్కటే గద. చదువు రానోళ్లకు గూడ తెలుస్తది."

బిందె నిండి పొర్లుతోంది. ఉమ నల్లా కట్టేయలేదు.

సారు కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"బోరు మొక్క పక్కనే ఉండె. అయినా సొట్టల బిందె పట్టుకొని యాడికో పోయి తెచ్చేదట. ఎందుకే గింత తిప్పలు అంటె, తల్లి చేతి నీళ్లు పొయ్యాలె అనేదట. పిచ్చిదనుకున్నరు."

ఉమ లేచి, నిండిన బిందె చంకనెత్తుకుని, ఇద్దరినీ దాటుకుని, గేటు తీసి మలుపు వైపు నడిచింది.