ఒక్క మూల గుర్తుపెట్టుకో

చిట్టితల్లీ,

కోడి కెలికినట్టున్న నా రాతకు, తప్పులకు ఏమీ అనుకోకు. వరసలు కూడా వంకర పోతున్నట్టున్నాయి.

నువ్వు ప్రవేశపరీక్షకు వెళ్ళినప్పటి నుంచి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. విప్పిన అట్టపెట్టె బొమ్మ ఇచ్చి, మడిస్తే ఎలా ఉంటుందని అడిగే ప్రశ్నలు నీకు తట్టేవి కావు. ఓ రోజు పుస్తకం మంచం కిందికి విసిరేసి, "నేను రాయను పో, తాతయ్యా!" అన్నావు. అయితే నాకు నేర్పమన్నాను.

"పెట్టె మొత్తాన్ని తిప్పాలని చూడకు. ఒక్క మూల గుర్తుపెట్టుకో. అది ఎటు పోతే అటు పో. కళ్ళు మూసుకో... దొంగచూపులు వద్దు!"

నాకు ఎంతకీ వచ్చేది కాదు. "నీలాంటి మొద్దు శిష్యుడు పగవాడికి కూడా వద్దు" అంటూనే మళ్ళీ చెప్పేదానివి. చెప్పి చెప్పి నీకు వచ్చేసింది. నీకు పట్టుదల రావాలని వేషం వేశాననుకున్నావు కదూ?

వేషం కాదమ్మా. నా రెండో కన్ను కూడా ఇక నిలవదని డాక్టరు అప్పటికే చెప్పాడు. తెలిస్తే పరీక్ష మానేసి నా పక్కన కూర్చుంటావని నోరు మెదపలేదు.

ఇల్లంతా తిరుగుతున్నదీ అందుకే. కళ్ళు మూసుకుని, గుమ్మం మూల ఒక్కటే గుర్తుపెట్టుకుని తిరుగుతున్నాను. నిన్న మోకాలికి బల్ల తగిలింది. ఇవాళ తగల్లేదు.

పరీక్ష ఎలా రాశావో త్వరగా జవాబు రాయి. అక్షరాలు పెద్దవిగా రాయి. ఈ ఒక్కటీ నేనే చదువుకోవాలని ఉంది.

తాతయ్య