నూట పన్నెండో నంబరు చేప

"చూశావా సింధూరీ, నీ చేప నీకే ఎదురు తిరిగింది" అంటూ రామకోటేశ్వరరావు గారు కవరులోంచి పసుపుపచ్చ బిళ్ళ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. మత్స్యశాఖలో ఆయన ఆమెకు పై అధికారి.

బిళ్ళ మీద నూట పన్నెండు అని ఉంది. అది తను కట్టిన బిళ్ళేనని సింధూరి గుర్తుపట్టింది.

బ్యారేజీ కింద ఏటేటా చేపలు తగ్గిపోతున్నాయి. వానాకాలంలో పారే నీటికి ఎదురీది పైకి పోయి గుడ్లు పెట్టే చేపలు, గేట్లు మూసేస్తే ఏం చేస్తాయి? ఆ రోజుల్లో పది రోజులపాటు రెండు గేట్లు ఎత్తి ఉంచమని ఆమె రెండేళ్ళుగా ఫైలు నడుపుతోంది. ఆయన రుజువు కావాలన్నారు. సరేనని, గేట్లు మూసి ఉండగానే మూడు వందల బొచ్చె చేపల రెక్కలకు నంబరు బిళ్ళలు కట్టి బ్యారేజీ కింద వదిలింది. ఎగువన ఒక్కటీ దొరక్కపోతే గేట్లు ఎత్తాలని మాట. బిళ్ళ తెచ్చినవారికి శాలువా కప్పుతామని ఊరూరా కాగితాలు అంటించారు.

ఇప్పుడీ బిళ్ళ ఇబ్రహీంపట్నం నుంచి వచ్చింది. అది బ్యారేజీకి ఎగువన ఉన్న ఊరు. దరఖాస్తులో అన్నీ పద్ధతిగా నింపి ఉన్నాయి. పేరు శౌరయ్య. వృత్తి చేపల పని. బిళ్ళ దొరికిన చోటు ఇబ్రహీంపట్నం.

"ఒకసారి ఆయనతో మాట్లాడి చూస్తానండీ."

"మాట్లాడేదేముంది? మా ఊరివాళ్ళు అబద్ధాలాడరు."

నాలుగో రోజున గవర్నర్‌పేటలో సభ పెట్టారు. 'గేటు దాటిన చేపకు జేజేలు' అని ఫ్లెక్సీ కట్టారు. అందులో చేపకన్నా రామకోటేశ్వరరావు గారే పెద్దగా ఉన్నారు. చేపకు కావలసింది పారే నీరు కాదనీ, ఆత్మవిశ్వాసమనీ ఆయన అరగంట మాట్లాడారు. నీళ్ళిచ్చి గారాబం చేస్తే చేపలు సోమరులవుతాయనీ, మన కోచింగు పిల్లలను చూసి నేర్చుకోవాలనీ అన్నారు. విలేకరులు రాసుకున్నారు. తర్వాత కెమెరాల వైపు చూస్తూ శౌరయ్యకు శాలువా కప్పారు. శౌరయ్య మొహం మాత్రం చూడలేదు.

ఇక సంతకం పడితే ఫైలు మూతపడుతుంది. సింధూరికి ఏడుపొచ్చింది. కడుపు నిండా గుడ్లతో తన చేతుల్లో కొట్టుకున్న చేపలు గుర్తొచ్చాయి. ఈ ఏడూ ఆ గుడ్లు మట్టిపాలే. ఉండబట్టలేక మైకు అందుకుంది.

"ఏ రేవులో వల వేశారు శౌరయ్యగారూ?"

"నేను వల వెయ్యనమ్మా. మా ఊరి మార్కెట్లో చేపలు కోసిపెడతాను. మొన్న ఆదివారం ఒకరి చేప కడుగుతుంటే రెక్క కింద కనబడింది."

హాల్లో నవ్వులు మొదలయ్యాయి. రామకోటేశ్వరరావు గారి మొహం కందగడ్డయింది. చేప ఆ ఊరి రేవులోనే పడి ఉంటుందని సర్దిచెప్పబోయారు. ఎవరూ వినిపించుకోకపోయేసరికి కలం బల్ల మీద పడేసి శౌరయ్య మీదికి తిరిగారు.

"ఎవడయ్యా నీకా చేప తెచ్చింది? ఎక్కడిదో అడగక్కర్లా?"

శౌరయ్య శాలువా సర్దుకుని, చేతులు కట్టుకున్నాడు.

"బ్యారేజీ కింద కొన్నానని తమరే చెప్పారు గదండీ."