బ్యానర్ చివర

యూనియన్ నాయకుడి ఇంట్లో పాత వీసీఆర్ గరగరమంటూ క్యాసెట్‌ను మింగి బొమ్మ చూపించింది. మిల్లు ముందు గేటు. నడుమ నాయకుడు, వెనకాల బ్యానర్. దాన్ని పట్టుకున్న చేతులు మాత్రం లేవు.

"అన్నా, ఇందులో నేనెక్కడ?" అంది మిల్లులో దారం మిషన్ మీద పనిచేసే ఆమె.

సమ్మె రోజు వెనక గేటు అద్దాలు పగలగొట్టిందని ఆమెను పనిలోంచి తీసేశారు. సరిగ్గా ఆ సమయానికి ఆమె ముందు గేటు దగ్గర బ్యానర్ చివర పట్టుకుని టీవీలో లైవ్‌గా కనబడింది. రేపే విచారణ. ఛానెల్ వాళ్లు ఆ రికార్డింగు చెరిపేశామన్నారు. రికార్డు చేసుకున్నది నాయకుడొక్కడే.

పిలిపించిన టీవీ మెకానిక్ డిజిటల్ బాక్సు సెట్టింగు చూసి పెదవి విరిచాడు. "వెడల్పు బొమ్మ పాత టీవీలో నిండుగా కనబడాలని రెండు పక్కలా కోసేలా పెట్టారు. టేపులోకీ ఆ కోసిన బొమ్మే ఎక్కింది. పైనా కిందా నల్లపట్టీలు ఉండనిస్తే మొత్తం వచ్చేదమ్మా."

"ఆ పట్టీలుంటే నా మొహం అగ్గిపెట్టంత అవుతోందని నేనే మార్పించా," గొణిగాడు నాయకుడు.

"కోసిన ముక్క మళ్లీ రాదా?"

"ఎక్కనిదాన్ని ఎక్కణ్ణుంచి తేను తల్లీ?"

నాయకుడు గొంతు సవరించుకున్నాడు. "బెంగపడకు చెల్లెమ్మా. టేపు లేకపోతేనేం, నేను లేనూ? సమ్మె జరిగిన నాలుగు గంటలూ నా పక్కనే ఉందని గుండె మీద చెయ్యేసుకుని చెప్తా."

ఆమె లేచి టీవీ కట్టేసింది.

"మిల్లు వకీలు అడుగుతాడు. ఏ పక్కనున్నానన్నా?"

నాయకుడు ఆరిపోయిన తెరలో వెతికాడు.