పనికి రాలేదు

“ఎన్నో అంతస్తు నుంచి?” అని అడిగాడు తన కేసు పిలుపు కోసం కూర్చున్న వాచ్‌మన్ తాత, బల్ల మీద కాస్త పక్కకు జరుగుతూ.

మొగుడు ఒళ్లోని సంచీని గట్టిగా పట్టుకుని తన చెప్పుల వైపు చూసుకున్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ పెళ్లామే జవాబిచ్చింది.

“రెండో అంతస్తు, తాతా. పరంజా చెక్క విరిగి.”

“రెండేనా!” తాత పెదవి విరిచాడు. “నేను ఏడో అంతస్తు పైన నీళ్ల ట్యాంకు మీంచి పడ్డాను. పడుతూ పడుతూనే మూడో అంతస్తులో సున్నం వేసేవాడి దగ్గర అగ్గిపెట్టె పుచ్చుకున్నాను. బీడీ అంటించేసరికి కింద ఇసక కుప్ప. మెడదాకా దిగబడిపోయాను. పెరికి తీయడానికి క్రేను తెప్పించారు.”

“మరి దెబ్బ?”

“ఇదిగో.” కాలి బొటనవేలికున్న కట్టు చూపించాడు. “ఆ క్రేనే తొక్కింది.”

ఆమెకు నవ్వొచ్చింది. సగంలోనే ఆపుకుంది. మొగుడు చటుక్కున లేచి తన చోటు చూపించాడు. ఆమె కూర్చోనని తల ఊపింది. అతను మళ్లీ ముడుచుకుని కూర్చున్నాడు.

నష్టపరిహారం ఆఫీసు వరండా అది. ఎన్నేళ్లుగా ఎంతమంది ఆనుకుని కూర్చున్నారో, గోడ మీద తలల ఎత్తున నూనె మరక ఒకటి చారలా సాగిపోయింది. లోపల టైపు మిషను ఓ మాట కొట్టి, రెండు మాటల సేపు ఆలోచిస్తోంది.

తాతకు ఊరుకోవడం చేతకాదు. “ఏమయ్యా, కాళ్లూ చేతులూ గుండ్రాయిలా ఉన్నాయి. దెబ్బ ఎక్కడ?”

“పైకి కనబడదు. వెన్నుపూసకి,” అంది ఆమె. “బరువులు ఎత్తకూడదన్నారు. ఇక ఈ పని మరిచిపోవాల్సిందేనట.”

“మరి ఆ సంచీ ఎందుకు మోయిస్తున్నావే, అమ్మాయ్?”

“మొయ్యనీ తాతా. ఏదో ఒకటి మోస్తేనే మనసు కుదుటపడుతుంది.”

“ఇంత సిగ్గయితే ఎలాగయ్యా? అడుక్కోవడానికి వచ్చావా ఏంటి? సిగ్గుపడాల్సింది ఆ పని చేయించినవాడు. మేస్త్రీ మీద కూడా పెట్టారా కేసు?”

“ఇద్దరి మీదా. బిల్డరు మీదా, మేస్త్రీ మీదా.”

“చెక్క పుచ్చిందని వాడికి తెలీదా?”

“తెలుసు. పొద్దున్నే చెప్పాం. ‘ఈ పూటకి ఆగుతుందిలే, ఎక్కు’ అని కసిరాడు.” ఆమె గోడకు వీపు సర్దుకుంది. “మనిషి చెడ్డవాడు కాదు తాతా. గోడ లేస్తుంటే ఇంకేమీ కనబడదు, అంతే.”

“వెనకేసుకొస్తున్నావా! నా చేతికి దొరికితే ఆ తాపీతోనే వాడి నెత్తికి ప్లాస్టరింగ్ చేస్తాను. ఇంట్లో ఏ ముఖం పెట్టుకుని తిరుగుతున్నాడో!”

“ఉన్న ముఖమే పెట్టుకుని,” అంది ఆమె.

మొగుడి చెవులు ఎర్రబడ్డాయి. లేచి కుళాయి దగ్గరకు వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. సీసాలో నీళ్లు పట్టుకొచ్చి, మూత తీసి ఆమెకిచ్చాడు.

“నోట్లో నాలుక లేని మొగుడు దొరికాడు నీకు,” అన్నాడు తాత. “ఇంతకీ బిల్డరు ఏమంటాడు?”

“ఆ రోజు అసలు పనికే రాలేదంటాడు. మేస్త్రీ ఒప్పుకుంటేనే మా కేసు నిలబడుతుంది. లేకపోతే ఆస్పత్రి అప్పు మాకే.”

“మేస్త్రీ ఒప్పుకోవడమా! వాడికి రేపు పని ఇచ్చేది బిల్డరేగా? అసలు ఈ గుమ్మం తొక్కుతాడంటావా?”

“పిలిస్తే వస్తాడు.”

అంతలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న బిల్డరు మనిషి మెట్లెక్కి వచ్చాడు. ఆమె వైపు చూడనైనా చూడకుండా మొగుడి భుజం మీద చెయ్యి వేశాడు.

“బాగా ఆలోచించుకో. ‘ఆ రోజు పనికి రాలేదు’, ఈ ఒక్క ముక్క చాలు. కొత్త బిల్డింగులో నీకు పనికి లోటుండదు. కాదంటే ఈ చుట్టుపక్కల తాపీ పట్టుకోలేవు.”

అతను లోపలికి వెళ్లగానే తాత ఎగిరిపడ్డాడు. “ఒప్పుకోకయ్యా! ఆ ముక్క అన్నావంటే కేసు గాల్లో కలిసిపోయినట్టే!”

మొగుడు పెళ్లాం ముఖంలోకి చూడలేక చూశాడు.

“నీ ఇష్టం,” అంది ఆమె మెల్లగా. “ఏం చెప్పినా ఇంటికి కలిసే వెళ్తాం.”

“ఎనిమిదో నంబరు! రెండు పక్షాలూ రండి!” అని బంట్రోతు కేకేశాడు.

ఇద్దరూ లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది. తాత కుంటుకుంటూ వెళ్లి, దేనికో వంగినట్టు నటిస్తూ కిటికీ కింద చెవి పెట్టాడు.

“మేస్త్రీవి నువ్వేనా?” ఆఫీసరు గొంతు.

“నేనేనండి.” వరండాలో ఒక్కసారి కూడా వినని గొంతు, బొంగురుగా. ఆ మేస్త్రీ ఎప్పుడొచ్చాడో, ఏ తలుపులోంచి దూరాడో తాతకు అంతుబట్టలేదు.

“దరఖాస్తుదారు ఆ రోజు పనికి రాలేదంటున్నారు బిల్డరుగారు.”

“అబద్ధమండి. నేనే రమ్మన్నాను. నేనే ఎక్కమన్నాను.”

“చెక్క పుచ్చిందని తెలిసేనా?”

టైపు మిషను ఆగింది.

“తెలిసేనండి. భయమేస్తోందంటే నలుగురిలో నవ్వాను కూడా. తప్పంతా నాదేనండి.”

తాత నోరు తెరిచాడు. తన క్రేను కథ ఎవరైనా నమ్మితే నమ్మొచ్చు గానీ, ఇది చెబితే ఎవడు నమ్ముతాడు?

“చూడు,” ఆఫీసరు కుర్చీ కిర్రుమంది. “ఇలా ఒప్పుకుంటే నీ మెడకీ చుట్టుకుంటుంది. ఇంత సూటిగా చెప్పిన మేస్త్రీని నేనింతవరకు చూడలేదు. దరఖాస్తుదారుకీ నీకూ ఏమైనా చుట్టరికమా?”

“నా పెళ్లామండి.”