అంకాలమ్మకు కుట్టిన తోక

మద్రాసు నుంచి తడకు వచ్చిన సినిమావాళ్ళకు మత్స్యకన్య తోక కావలసి వచ్చింది. జాలరి ముత్యాలయ్య సైకిలు ట్యూబులు కత్తిరించి, చమ్కీలు అతికించి తోక తయారు చేశాడు. కథానాయికకు ఈత రాదు కాబట్టి, ఆమె బదులు అతని భార్య అంకాలమ్మ పులికాట్ సరస్సులో దిగింది. తోకను ఆమె నడుముకు కుడుతూ, అలవాటు కొద్దీ వలముడులే వేశాడు. అవి తడిస్తే బిగుసుకుంటాయి.

చీకటి పడి షూటింగు ముగిసేసరికి ఆమెకు ఊపిరాడటం లేదు. ముత్యాలయ్య ఒక్కడే పడవలో వెళ్ళి, నీళ్ళలోంచే పడవ అంచు పట్టుకున్న ఆమె వైపు వంగి కత్తి తీశాడు.

"కదలబాక మే, కోసేస్తా."

"ఇంత గట్టిగా కుట్టినావే, నేనేమన్నా పారిపోతానా మామా?" అని నవ్వబోయి దగ్గింది.

ముడులన్నీ తెగినా తోక ఊడలేదు. కుట్టు సందులో వేళ్ళు పెట్టి తడిమితే, లోపలి వైపు ఇంకో వరస ముడులు తగిలాయి. అవి అతను వేసినవి కావు. తడుముతుండగానే అతని వేళ్ళ కింద కొత్త ముడి ఒకటి మెల్లగా బిగుసుకుంది.

అంకాలమ్మ చేతులు రెండూ పడవ అంచు మీదే ఉన్నాయి.

ఆమె దగ్గు ఆగిపోయింది. నీటి చప్పుడూ ఆగింది.

"ఇంక కొయ్యబాక మామా, ఇప్పుడు హాయిగా ఉండాది," అంది.

అంచు మీది చేతులు ఒక్కొక్కటే పట్టు వదిలాయి.